మందు వెళ్ళే దారులు

పోయిన వారం మా మందుల గదికి కొత్త సరుకు వచ్చింది. అట్టపెట్టె మీద టేపు కోసి మూత తియ్యగానే కొత్త అట్ట వాసన, రేకు వాసన కలిసి ముక్కుకి తగిలాయి. స్ట్రిప్పులు అరలో సర్దుతుంటే ఒకదాని అంచు చినిగి ఉంది. లోపలి బిళ్ళ చితికి పొడి నా వేలికి అంటుకుంది. పరధ్యానంగా అదే వేలితో పెదవి తుడుచుకున్నాను. ముందు చేదు, ఆ వెనకే నాలుక చివర చిన్న తిమ్మిరి. క్లోర్‌ప్రోమజిన్, మతి చెదిరినవాళ్ళకి ఇచ్చే పాత మందు. పేరు చూడక్కర్లేకపోయింది. ఈ మందు నాలుకని కాసేపు మొద్దుబారుస్తుందని నాకు చెప్పింది కాలేజీ పుస్తకం కాదు, డాక్టర్ అనసూయ గారు. ఆవిడ మా పాత ఆసుపత్రికి వచ్చిన మొదటి వారంలోనే ఒక బిళ్ళని గోటితో ముక్క చేసి నా చేతిలో పెట్టారు. నాలుక మీద పెట్టుకుని ఉమ్మెయ్యమన్నారు. రోగి బిళ్ళ ఉమ్మేశాడని విసుక్కునే ముందు దాని రుచేమిటో మనకి తెలిసుండాలన్నారు. ఆవిడని ఎన్నడూ చూడనివాళ్ళకి ఆవిడ గురించి చెప్పాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది డుంబ్రిగుడ వైపు ఒక కొండ ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, విశాఖపట్నంలో ఫార్మసీ డిప్లొమా చేసి, తొంభైల మధ్యలో అరకులోయలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో చేరాను. పన్నెండు మంచాలు, ఒక మందుల కిటికీ. ఆ కిటికీ వెనక నేను. మరుసటి ఏడు అనసూయ గారు వచ్చారు. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, జలగలంటే చచ్చేంత భయం. పట్నంలో పెద్ద మానసిక వైద్యశాలలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, ముందుగానే రిటైర్‌మెంట్ తీసుకుని కొండెక్కారు. సేవ చెయ్యడానికి వచ్చారా అని ఎవరైనా అడిగితే ఆవిడకి చిరాకు. పట్నం గాలి నా ఊపిరితిత్తులకి పడలేదు, అందుకని వచ్చాను అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబం విజయనగరంలో ఉండేది. కొండ మాటలు పదేళ్ళలోనూ ఆవిడకి పట్టుబడలేదు. అందుచేత మందులిచ్చే పనితో పాటు మాట మార్చి చెప్పే పని కూడా నాకే పడింది.

ఆ రోజుల్లో మతి చెదిరినవాళ్ళని మావాళ్ళు ముందు దిసారి దగ్గరికి తీసుకెళ్ళేవారు. దిసారి అంటే మా ఊళ్ళల్లో ముహూర్తాలు పెట్టి, దేవతల అలక తీర్చే పెద్ద. అక్కడ తగ్గకపోతే మా దగ్గరికి వచ్చేవారు. మిగతా డాక్టర్లు దీనికి కోప్పడేవారు. అనసూయ గారు మాత్రం దిసారి ఏం చెప్పాడో శ్రద్ధగా అడిగి కేసు కాయితం మీద రాసుకునేవారు. ఇదెందుకమ్మా అని ఒకసారి అడిగాను. ఆయన ఈ మనిషిని నాకంటే ముందు చూశాడు, ముందు చూసిన డాక్టరు ఏం రాశాడో చదవమా అన్నారు.

బిమలని వాళ్ళ అన్న గంగన్న మా దగ్గరికి తీసుకొచ్చింది ఒక శుక్రవారం, సంత రోజున. బిమలకి పంతొమ్మిదేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. అన్నా వదినల దగ్గర ఉంటూ కాఫీ తోటలో పండ్లు కోసేది. నాలుగు నెలలుగా నిద్ర లేదు. సిల్వర్ ఓక్ చెట్ల ఆకులు కదిలితే తన పేరే పిలుస్తున్నాయంది. ఘాట్ రోడ్డు మీద లారీ హారన్ కొడితే ఆ డ్రైవరు తన గురించే ఎవరికో సైగ చేస్తున్నాడంది. వారం రోజులుగా, వదిన వండింది విషమని అన్నం మానేసింది. నేను ఆ మాటలన్నీ తెలుగులో చెబుతుంటే డాక్టరమ్మ తలెత్తకుండా రాసుకున్నారు. చివర్లో కలం కింద పెట్టి బిమల వైపు తిరిగి, ఇన్ని పిలుపులు ఒక్కసారే వింటూ నాలుగు నెలలు నెట్టుకొచ్చావంటే గట్టిదానివే అన్నారు. దాన్ని ఒడియాలోకి మారిస్తే బిమల మొదటిసారి ఆవిడ ముఖం చూసింది.

వాళ్ళు వెళ్ళాక, బిమలకి రాసిన హాలోపెరిడాల్ అసలు చేసే పనేమిటో మీ కాలేజీలో ఏం చెప్పారని నన్ను అడిగారు. డోపమిన్ రిసెప్టర్లని అడ్డుకుంటుందని అప్పచెప్పాను. అడ్డుకోవడమంటే ఏమిటని మళ్ళీ అడిగారు. బయట వరండాలో రోగులు కూర్చునే చెక్క బెంచీ దగ్గరికి నన్ను తీసుకెళ్ళారు.

"ఇది మెదడులో ఒక కణం గుమ్మం ముందున్న బెంచీ అనుకో. డోపమిన్ అనే రసాయనం వచ్చి ఇందులో కూర్చుంటే లోపలికి ఒక కబురు వెళ్తుంది. మన మందు ముందే వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది. తను కబురు పంపదు, పంపేదాన్ని కూర్చోనివ్వదు. అంతే దాని ఉద్యోగం."

ఆ కబురేమిటని అడిగాను. ఒక్కో గుమ్మంలో ఒక్కో కబురని చెప్పారు. ఒకచోట దాని అర్థం, 'ఇది ముఖ్యం, దీన్ని పట్టించుకో' అని. పులి అలికిడి విన్నప్పుడు అది ఉండాల్సిందే. బిమలకి ఆ కబురు ఆగకుండా వెళ్తోంది కనక ఆకు కదిలినా ముఖ్యమే, హారన్ మోగినా ముఖ్యమే. ఇంకోచోట అదే డోపమిన్ కాళ్ళూ చేతులూ సాఫీగా కదలడానికి కావాలి. మరోచోట చనుబాలు వచ్చే హార్మోనుని అదిమి ఉంచుతుంది. ఆలోచనకి, ఇష్టానికి కావలసిన చోటు ఇంకొకటి. మనం మింగించిన బిళ్ళకి బిమల ఏ గుమ్మం దగ్గర బాధపడుతోందో తెలీదు, అన్ని గుమ్మాల ముందూ కూర్చుంటుంది అన్నారు. మూడింట రెండొంతుల చోట్లు నిండితే చప్పుడు తగ్గుతుంది. అయిదింట నాలుగొంతులు దాటాయా, ఒళ్ళు బిగుస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగా చిన్నది. మన పనంతా ఆ చిన్న జాగాలోనే అన్నారు.

ఇంత విని కూడా నేను రెండు వారాలకే తప్పు చేశాను. ఆవిడ రాసింది ఒకటిన్నర మిల్లీగ్రాముల బిళ్ళ, పూటకొకటి చొప్పున రెండు పూటలు. మా అరలో ఆ బిళ్ళలు అయిపోయి, అదే మందు అయిదు మిల్లీగ్రాములది వచ్చి ఉంది. స్ట్రిప్పు రంగు దాదాపు ఒకటే. సంత రోజు, కిటికీ ముందు జనం, వెనక నుంచి తోపులాట. గంగన్నకి పాత లెక్కనే కట్టి ఇచ్చేశాను. మూడో రోజు మధ్యాహ్నం అతను పరుగులాంటి నడకతో వచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"మందెట్టారు, గుంట మెడ ఎనక్కి తిరిగిపోనాది. కళ్ళు పైకెల్లిపోనాయి. అమ్మోరు ఒంటిమీదకొచ్చిందంతన్నారు ఊల్లో. మీరేటి సేసినారో సెప్పండి."

అతని గొంతులో అరుపు లేదు. అందుకే నాకు మరీ భయమేసింది. డాక్టరమ్మ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సంచీలో బిగింపు వదిలించే ప్రోమెథజిన్ ఇంజెక్షన్లు పెట్టుకుని జీపెక్కారు. రోడ్డు అయిపోయిన చోట దిగి గంటసేపు నడిచాం. వలిసె పూల కాలం, కొండవాలంతా పసుపుపచ్చగా ఉంది. నేను దాన్ని చూసే స్థితిలో లేను. వాళ్ళ ఇంటి ముందు జనం. లోపల చాప మీద బిమల విల్లులా వంగి ఉంది. మెడ ఒక పక్కకి మెలిపడి, కంటి పాపలు పైకి పోయి తెల్లగుడ్లే కనిపిస్తున్నాయి. నోరు మూత పడటం లేదు. స్పృహ మాత్రం ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. డాక్టరమ్మ ఆ పక్కనే మట్టినేల మీద కూర్చుని ఇంజెక్షన్ ఇచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, ఇది పోతుంది, కాసేపట్లో పోతుంది అని చెబుతూ ఉన్నారు. ఆ ఒక్క మాట ఒడియాలో చెప్పడం నా వంతు. ఎన్నిసార్లు చెప్పానో గుర్తు లేదు. అరగంట కాకుండానే మెడ సడలింది. కళ్ళు కిందికి దిగాయి. బిమల నోరు మూసుకుని మంచినీళ్ళు అడిగింది.

అప్పుడు డాక్టరమ్మ మందు స్ట్రిప్పు చూపించమన్నారు. వదిన దాన్ని చూరులోంచి తీసి నా చేతికిచ్చింది. వెనక ఉన్న అంకె చూశాను. అయిదు. అక్కడ అది చదవగలిగినవాళ్ళం మేమిద్దరమే. దాన్ని చీర కుచ్చిళ్ళలో దోపుకుందామన్న ఆలోచన నాకు వచ్చింది. రాలేదని ఇప్పుడు రాస్తే అబద్ధం అవుతుంది. డాక్టరమ్మ చెయ్యి చాపి ఉంచారు. ఇచ్చాను. చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గంగన్న వైపు తిరిగారు.

"ఇది అమ్మవారి వల్ల కాదు, మీవాళ్ళ తప్పూ కాదు. మా దగ్గర పొరపాటు జరిగింది. ఇవ్వాల్సినదానికి మూడింతల పైన ఇచ్చాం. చెప్పు ఈశ్వరీ, ఉన్నదున్నట్టు చెప్పు."

గంగన్నకి తెలుగు వచ్చు, అయినా ఊరివాళ్ళందరికీ అర్థమయ్యేలా ఒడియాలో చెప్పమన్నారు. చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, ఇచ్చింది నేనే అమ్మా అని ఏడ్చాను. ఆవిడ నడక ఆపలేదు. నాకు తెలుసు, నువ్విచ్చావు, నేను సరిచూడలేదు, అందుకే 'మేం' అన్నాను అన్నారు. కాస్త దూరం పోయాక ఒక పాత సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోగి ఈ బిళ్ళ వేసుకుంటే లోపల పీకుతోందని, కుదురుగా కూర్చోలేకపోతున్నానని రోజూ అనేవాడట. ఆవిడ నమ్మలేదు. చివరికి ఒక ఆదివారం తనే ఒక బిళ్ళ వేసుకున్నారు. ఆ రోజంతా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూనే ఉన్నారట. కూర్చుంటే కాళ్ళలోంచి ఎవరో లేవదీసినట్టుండేదట. సోమవారం పొద్దున వెళ్ళి ఆ రోగిని క్షమించమని అడిగారట. ఇది చెప్పి, "నేను ఇవాళ చెప్పింది ఆసుపత్రి మాట. నీ మాట నువ్వు చెప్పుకోవాలి" అన్నారు.

తర్వాతి శుక్రవారం సంతలో గంగన్న చీపుర్ల కట్టలు దించుతుంటే వెళ్ళి నిలబడ్డాను. చూడకుండా ఇచ్చింది నేనని చెప్పాను. అతను కట్టకి తాడు బిగించి ముడి వేశాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది. చివరికి, "సెప్పినావు గదా మందులమ్మా. ఇంక సూసి ఇయ్యి" అన్నాడు. బిమలకి మందు ఆపెయ్యలేదు, నా కిటికీ దగ్గరికి రావడమూ మానలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు స్ట్రిప్పు వెనక అంకెని పైకి చదవకుండా నేను మందు ఇవ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు.

సరైన మోతాదులో బిమలకి పిలుపులు తగ్గాయి. కానీ వేళ్ళు బిగిశాయి. కాఫీ పండు కొయ్యాలంటే పచ్చికాయని వదిలి ఎర్రనిదాన్ని మాత్రమే వేళ్ళ కొసలతో తుంచాలి. ఆమె బుట్ట అడుగు నిండేసరికి పక్క కూలీది పైకంటా నిండేది. ముఖంలో నవ్వు కూడా మందగించింది. బిగింపు తగ్గడానికి ఇచ్చిన ఇంకో బిళ్ళతో నోరెండిపోయి, చూపు మసకేసింది. ఆ తర్వాత ఏడాదికి రిస్పెరిడోన్ అనే కొత్త మందు మాకు దొరకడం మొదలైంది. డాక్టరమ్మ దానికి మార్చారు. నెలన్నరకి వేళ్ళు వదులయ్యాయి. బిమల నా కిటికీ చెక్క మీద వేళ్ళతో దరువేసి చూపించింది.

ఇదీ డోపమిన్ బెంచీలోనే కూర్చుంటుంది కదా, మరి ఒళ్ళెందుకు బిగియ్యలేదని అడిగాను. ఆవిడకి అలా అడిగితే ఇష్టం. ఈ మందు సెరటోనిన్ అనే ఇంకో రసాయనం బెంచీల్లో కూడా కూర్చుంటుందని చెప్పారు. కదలికల దారిలో సెరటోనిన్ పని డోపమిన్ ఎక్కువ రాకుండా ఒక చెయ్యి వేసి పట్టుకోవడం. ఆ చెయ్యి తీసేస్తే అక్కడ కాస్త ఎక్కువ డోపమిన్ వచ్చి మందుతో పోటీపడి కూర్చుంటుంది, అందుకే కదలిక మిగులుతుంది అన్నారు. అలాగని మోతాదు పెంచుకుంటూ పోతే ఇదీ హాలోపెరిడాల్‌లాగే బిగిస్తుందని హెచ్చరించారు. కొత్త మందు మంచిది, పాతది చెడ్డది అని రాసుకోకు, ఏది ఎక్కడ కూర్చుంటుందో రాసుకో అన్నారు. నా నోటుపుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

అసలు పరీక్ష రెండు వేల సంవత్సరం దాటాక వచ్చింది. శుక్రవారం కాని రోజున, పొద్దున్నే ఆసుపత్రి తలుపులు తీసేసరికి బిమల మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చింది. నన్ను అప్పా అని పిలిచేది, అక్కని మావైపు అలాగే పిలుస్తారు. లోపలికి తీసుకెళ్ళాక రవిక ముందు భాగం చూపించింది. తడిసి ఉంది.

"పాలొత్తన్నాయి అప్పా. ముట్టు రాక నాలుగు నెల్లయినాది. వదిన సూసీసింది. అన్న రేపు పెద్దల్ని కూకోబెడతన్నాడు. నానే తప్పూ సెయ్యలేదు. సేసినట్టు నాకే అనుమానఁవొత్తంది."

ఆ చివరి మాట నన్ను నిలవనివ్వలేదు. ఒకప్పుడు లేని గొంతులు విన్న పిల్ల, ఇప్పుడు తన ఒంటిని తానే నమ్మలేకపోతోంది. వెంటనే డాక్టరమ్మకి చెప్పాను. గర్భం లేదని పరీక్ష చేశాం. రక్తం తీసి, మంచు పెట్టిన ఫ్లాస్కులో మధ్యాహ్నం రైలుకి విశాఖపట్నం పంపాం. ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను ఎంతుందో తెలియడానికి. ఫలితం వచ్చేసరికి నాలుగు రోజులు పడుతుంది, పంచాయితీ రేపు. డాక్టరమ్మ కుర్చీలో కూర్చుండిపోయారు. ఈ మందు ఆ గుమ్మం దగ్గర గట్టిగా కూర్చుంటుందని నాకు తెలుసు ఈశ్వరీ, వచ్చినప్పుడల్లా అన్న పక్కనే నిలబడి ఉండేవాడు, పెళ్ళికాని పిల్లని ఇవన్నీ ఎలా అడుగుతానని ఊరుకున్నాను, నా మొహమాటం ఈ పిల్ల మెడకి చుట్టుకుంది అన్నారు. ఆవిడ తనని తాను అంత గట్టిగా అనుకోవడం నేను అప్పుడే విన్నాను.

మర్నాడు మేమిద్దరం బిమలతో కలిసి వెళ్ళాం. గంగన్న ఇంటి ముందు ఊరి పెద్దలు నలుగురు, దిసారి, పక్కన ఆడవాళ్ళు. ఎవరో కుర్చీ తెస్తుంటే డాక్టరమ్మ వద్దని నిలబడే మాట్లాడారు. ఈ పాలు బిడ్డని కన్నందువల్ల వచ్చినవి కావు, నేనిచ్చిన మందు వల్ల వచ్చినవి, ఇలా రావచ్చని ముందే చెప్పాల్సినదాన్ని, చెప్పలేదు, తప్పు నాది, ఈ అమ్మాయిది కాదు అన్నారు.

"మందుకి పాలొత్తాయేటి?" అన్నాడు గంగన్న. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

డాక్టరమ్మ నా వైపు చూశారు. బెంచీ కథ ఇక్కడ పనికిరాదని ఇద్దరికీ తెలుసు. నాకు మా నాన్న మడులు గుర్తొచ్చాయి. మన తలకాయలో ఒక గెడ్డ, కొండవాగు, ఉందనుకోండి అని మొదలుపెట్టాను. ఆ గెడ్డ నీరు నాలుగు మడులకి పోతుంది. ఒక మడిలో నీరెక్కువై బిమల మతి మునిగిపోయింది. దాన్ని కాపాడటానికి మేం పైన గట్టు వేశాం. గట్టు వేస్తే నీళ్ళు ఒక్క మడికే తగ్గవు కదా, అన్నిటికీ తగ్గుతాయి. కింద ఒక మడి ఉంది, అందులో నీరు నిలిచి ఉన్నంతకాలం పాలు పొంగవు. ఆ మడి ఎండింది, పాలు పైకొచ్చాయి. గట్టు కొంచెం తీస్తే మళ్ళీ సర్దుకుంటుంది. దిసారి ముసలాయన బిమలని చూసి, దూడ లేకుండానే చేపిన పశువుని నేను చూశానన్నాడు. నెల రోజులు ఆగుదాం, మందు మార్చాక పాలు ఆగితే డాక్టరమ్మ మాట నిజం అని అతనే తేల్చాడు. నేను అనుకోని చోటి నుంచి వచ్చిన సాయం అది.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. ఆ కాగితం గంగన్నకి చూపించాను కానీ అతనికి కావలసింది అంకె కాదు. డాక్టరమ్మ రిస్పెరిడోన్ నెమ్మదిగా తగ్గిస్తూ ఒలాంజపిన్ మొదలుపెట్టారు. అది ఆ గుమ్మం దగ్గర అంత పట్టుగా కూర్చోదు, కానీ ఆకలి పెంచుతుంది, ఒళ్ళు రావచ్చు, రక్తంలో చక్కెర చూసుకోవాలి అని ఈసారి అన్నని బయట నిలబెట్టి బిమలకి అన్నీ చెప్పారు. మూడు వారాలకి పాలు ఆగాయి. రెండు నెలలకి ముట్టు వచ్చింది. గంగన్న ఒక శుక్రవారం చెల్లెలితో వచ్చి, ఆమెని కిటికీ దగ్గర వదిలి, దూరంగా వెళ్ళి నించున్నాడు. క్షమించమని చెల్లెల్ని అడిగాడో లేదో నాకు తెలీదు. ఆ దూరంగా నించోవడం మాత్రం ఆ తర్వాత ఏనాడూ మానలేదు.

అనసూయ గారు అరవై నాలుగేళ్ళు వచ్చేదాకా మా దగ్గరే ఉన్నారు. చివరి ఏడాది ఆవిడ రాత చిన్నదైపోతూ వచ్చింది. చీటీ మొదట్లో ఉన్న అక్షరం కంటే చివర్లో అక్షరం సగం ఉండేది. నేను కళ్ళజోడు మార్చుకోమన్నాను. ఆవిడ నవ్వి, కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది కళ్ళ జబ్బు కాదులే అన్నారు. పార్కిన్సన్స్. కదలికల దారిలో డోపమిన్ తయారుచేసే కణాలే చచ్చిపోయే జబ్బు. విజయనగరం తమ్ముడింటికి వెళ్ళిపోయారు. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేసేదాన్ని. రెండేళ్ళ తర్వాత ఆవిడ మేనకోడలు ఫోన్ చేసి, అత్త మీ పేరే కలవరిస్తోంది, ఒకసారి రండి అంది.

వెళ్ళాను. మంచం మీద కట్టెలా పడుకుని ఉన్నారు. పక్కకి తిరగలేరు, గుటక పడటం లేదు, ముఖంలో ఏ కదలికా లేదు. కళ్ళు మాత్రం నన్ను గుర్తుపట్టాయి. డోపమిన్ పెంచే మందు వాడుతుండగా రెండు నెలల కిందట ఆవిడకి బీరువా మీద పిల్లలు కూర్చున్నట్టు కనిపించడం మొదలైందట. దానికి ఎవరో డాక్టరు ఒక బిళ్ళ రాశాడు, అప్పటి నుంచే ఇలా బిగుసుకుపోయిందని మేనకోడలు చెప్పింది. మందుల డబ్బా తెరిచి చూశాను. హాలోపెరిడాల్. కణాలు చచ్చి మిగిలిన కాసింత డోపమిన్‌కీ కూర్చోవడానికి చోటు లేకుండా చేసేశారు. మేనకోడలిని తప్పుపట్టలేను. చీటీలో ఉన్నది శ్రద్ధగా చేసింది. గోల చేస్తుందని పెరుగన్నంలో పొడి చేసి కలిపి పెట్టింది.

నేను డాక్టరుని కాను. రాసినవాడు డాక్టరు. ఆ డబ్బా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. తర్వాత మంచం పక్కన కూర్చుని బిళ్ళ పేరూ అంకే పైకి చదివాను. ఆవిడ పెదవులు కదలడానికి చాలాసేపు పట్టింది. "నాకు... చెప్పలేదు" అన్నారు. అంతే.

ఆ డాక్టరుకి ఫోన్ చేశాను. ముందు విసుక్కున్నాడు, మీరెవరన్నాడు. అరకు వైపు ఒక ఆసుపత్రిలో మందులిచ్చేదాన్నని, ఇది ఈవిడకి పడదని ఈవిడే నాకు నేర్పారని చెప్పాను. తర్వాత ఆ మందు ఈ పూట నుంచే ఆపమని, విశాఖపట్నంలో నరాల డాక్టరుకి చూపించమని చెప్పాడు. అక్కడ క్వెటియాపిన్ చాలా తక్కువ మోతాదులో ఇచ్చారు. అది బెంచీలో కూర్చున్నా ఎక్కువసేపు ఉండదు, త్వరగా లేచిపోతుంది. పది రోజులకి ఆవిడ పక్కకి తిరిగారు. నెలకి పట్టుకుంటే నడిచారు.

ఆ తర్వాతిసారి వెళ్ళినప్పుడు మాట కాస్త స్పష్టంగా ఉంది. పిల్లలు ఇంకా అప్పుడప్పుడు వస్తున్నారని, బుద్ధిగానే కూర్చుంటున్నారని చెప్పారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అన్నారు. "వాళ్ళు లేరని నాకు తెలుసు ఈశ్వరీ. తెలిసి కూడా కాళ్ళు ముడుచుకుని వాళ్ళకి దారి ఇస్తాను. ఆ పిలుపులు లేవని తెలుసుకో అని బిమలకి ఎంత తేలిగ్గా చెప్పేదాన్నో. తనకి ఈ సంగతి చెప్పు."

చెప్పాను. బిమలకి అప్పటికి పెళ్ళయి, ఒక కొడుకు. కాఫీ మొక్కల మధ్య కలుపు తీస్తోంది. విని చేతి మట్టి దులుపుకుంది.

"ఆయమ్మకి కనిపిత్తన్నాయా, ఇనిపిత్తన్నాయా?"

కనిపిస్తున్నాయన్నాను.

"అయితే నయిఁవే. కళ్ళు మూసుకుంటే పోతాయి. ఇనిపించినియే ఒగ్గవు," అంది. ఒక సీసా నిండా తేనె ఇచ్చి ఆవిడకి పంపమంది. ఆ తేనె చేరింది. మరో ఏడాదికి అనసూయ గారు నిద్రలో పోయారు.

ఇప్పుడు నేను పాడేరు వైపు ఇంకో ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మందు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్నవాళ్ళని దూరంగా పంపి, మెడ లాగవచ్చని, కాళ్ళు నిలవనివ్వకపోవచ్చని, ఆడవాళ్ళకి పాలు రావచ్చని, ఒళ్ళు పెరగవచ్చని, ఇలాంటిది ఏదొచ్చినా మానెయ్యకుండా నా దగ్గరికి రమ్మని చెబుతాను. ఇన్ని చెబితే భయపడి వెయ్యరు అని మా కొత్త డాక్టరు అంటాడు. అతను చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు, కొందరు మానేశారు కూడా. మొన్న ఒక తల్లి తన కొడుకు కోసం వచ్చింది. చెప్పిందంతా కొంగు నోటికడ్డం పెట్టుకుని విని, "ఇన్ని సెప్పినావు. మరి ఎయ్యమంతావా?" అని అడిగింది. వెయ్యమన్నాను. వారం తిరిగాక ఎలా ఉన్నాడో వచ్చి చెప్పమన్నాను.

వచ్చింది. మందు మానలేదని, కొడుకు చేతులు కొంచెం వణుకుతున్నాయని చెప్పి, నా ముందు కూర్చుంది.